అటక మీది చప్పుడు

బుధవారం, రాత్రి

మగ్గం మీది పడుగును ఎలుకలు మళ్ళీ కొరికేశాయి. గంజి పెట్టిన నూలంటే వాటికి పండగే. ఒళ్ళు మండి బోను తీశాను. అమ్మ నా చేతిలోంచి లాక్కుంది.

"పెట్టొద్దు నాయనా. వెనక వీధిలో ఎలుకలు చచ్చి రాలినాక ఏమాయె? ప్లేగని అందరూ ఇండ్లు ఇడిసి చేలల్లో గుడిసెలేసుకున్నారు. మన ఎలుకలు తిరుగుతాండాయంటే మనిల్లు బాగుండాదని. కోడలికి నెలలు నిండినాయి, మనం యాడికి పోతాం?"

ఈ చలిలో, చేలో గుడిసెలో, పార్వతికి పురుడంటే...

ఎలుక కనబడితే చీపురెత్తే అమ్మ, కొన్నాళ్ళుగా అటక మీద వాటికి సంగటి ముద్ద పెడుతోందట. పొద్దున్నే లేచి, తిన్నాయో లేదో చూసుకుంటోందట. ఈరోజు నేనే పెట్టాను. కాస్త పెద్ద ముద్దే పెట్టాను.

దీపం తగ్గించి ఇంతసేపూ అటక వైపే చెవి పెట్టి కూర్చున్నాను. ఏ చప్పుడూ లేదు. ఆడవాళ్ళిద్దరూ ఎప్పుడో నిద్రపోయారనుకున్నాను.

ఇప్పుడే పైన బిరబిరా ఏదో పరుగెత్తింది. చీకట్లోంచి అమ్మ గొంతు వినిపించింది.

"వచ్చినాయిలే నాయనా. ఇంక పండుకో."

ఆ పక్కనే పార్వతి గాజులు గలగలమన్నాయి. తనూ మేలుకునే ఉందన్నమాట.