కోటులో ఏ జీవీ లేదని రాసి ఇప్పించుట గురించి

వస్త్ర పరీక్షా కేంద్రం అధికారి గారి సముఖమునకు, మార్కెట్ వీధిలో కోట్లు కుట్టు దర్జీ పెట్టుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఇందువెంట జతపరిచిన ఆడపిల్ల కోటునందు జంతు సంబంధమైనదేదీ లేదని ధ్రువపత్రం మంజూరు చేయుట గురించి.

1. నా ఏకైక కుమార్తె గత సంవత్సరం వీగన్ అయినది. అనగా జంతువు నుండి వచ్చినది తినదు, తాగదు, తొడగదు. పాలు మానినప్పుడు నేను నోరు మెదపలేదు. కానీ సదరు కుమార్తె, పట్టు లైనింగుతో నేను కుట్టిన ఉన్ని కోటును మడతపెట్టి నా మిషను మీద పెట్టి, "ఇక ఇది వేసుకోను నాన్నా" అన్నది. అందరికీ కోట్లు కుట్టేవాడి కూతురు ఎక్కడో కొన్న స్వెట్టరుతో నా షాపు ముందే బస్సెక్కుతోంది. తలెక్కడ పెట్టుకోమంటారు?

2. వచ్చే సోమవారం ఆమె కొత్త ఉద్యోగంలో చేరుచున్నది. అందునిమిత్తము నూలు గుడ్డతో కోటు కుట్టితిని. లైనింగు చెట్ల గుజ్జుతో చేసిన రేయాన్. కొమ్ము బొత్తాలకు బదులు చెక్కవి. అంతా చూసి, "ఛాతీ దగ్గర ఇంత బిగువుగా ఎలా నిలబడింది?" అని అడిగింది. లోపల కాన్వాసు అన్నాను. కాన్వాసులో ఏముంది అంది. గుర్రపు వెంట్రుక! ఇన్నేళ్లలో ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు. కోటంతా విప్పి గుర్రాన్ని బయటికి తోలితిని.

3. మళ్లీ కుట్టేసరికి, నా పక్షాన ఉండవలసిన మా ఆవిడ, "బొత్తాల దారానికి మైనం పట్టించారుగా, అది తేనెటీగలది కాదూ?" అన్నది. చేతి అలవాటు అయ్యా! దారం తీస్తే చాలు, నా చెయ్యి మైనం ముద్ద మీదికే పోతుంది. బొత్తాలన్నీ తెంపి మళ్లీ కుట్టితిని. ఇప్పుడు నా మీద నాకే నమ్మకం పోయింది.

4. తమ కార్యాలయమునకు స్వయంగా రాగా, ఉన్ని కిటికీ వారు ఉన్ని సంగతే చెప్పగలమనిరి. పట్టు కిటికీ వారు పట్టుపురుగు వరకే తమ బాధ్యతనిరి. మైనం మాటెత్తగా తిండి పదార్థాల శాఖకు పొమ్మనిరి. గుర్రానికి అసలు కిటికీయే లేదు. "పోలిస్టరుతో కుట్టి పారెయ్, ఏ జీవీ ఉండదు" అని సలహా ఇచ్చిన గుమాస్తా గారికి మనవి: నేను కుట్టేది కోటు, గొడుగు కాదు.

కావున తాము స్వయంగా పరీక్షించి ముద్ర వేయించ ప్రార్థన. కొత్త ఉద్యోగానికి నా బిడ్డ నా చేతి కుట్టుతో వెళ్లాలి. అంతకు మించి నాకేమీ వద్దు. ఒక తండ్రి గోడుగా ఈ అర్జీని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మార్కెట్ వీధి దర్జీ

తా.క. కోటు జతపరచడం లేదు. ఇప్పుడే అమ్మాయి వచ్చి ఇదంతా చదివింది. "నువ్వు లేదంటే లేనట్టే కదా నాన్నా, మధ్యలో ఆఫీసరెందుకు?" అని కోటు తొడుక్కుంది. చేతులు మణికట్టు పైకొచ్చేశాయి, భుజాలు పట్టేశాయి. నేను అలిగి కూర్చుని పిల్లను కొలవనే లేదండీ. కాలేజీలో చేరినప్పటి కొలతలు నోటికొచ్చు కదా అని వాటితోనే కత్తిరించాను. "ఇది ఎప్పటి నేను నాన్నా?" అని చేతులు చాచి నిలబడింది. కళ్లు తుడుచుకుని టేపు తీశాను. సోమవారానికి ఇంకోటి కుట్టాలి. తమరు జవాబు పంపినా చదివే తీరిక లేదు, మన్నించండి.