దారం పంపు, మెట్టు కడతాను

చాండ్లర్, అరిజోనా
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక

ప్రియమైన రత్నక్కకు,

నీ చెల్లెలు సువార్త ప్రభువు నామంలో వందనాలు చెప్పి రాసేది. దేవుని దయవల్ల ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? కంటి చుక్కలు వేళకి వేసుకుంటున్నావా? ఫోన్‌లో నువ్వు “వేసుకుంటున్నాన్లేవే” అనే తీరు వింటే నాకు నమ్మకం కుదరడం లేదు. ఫోను వెలుగు కళ్ళలో గుచ్చుతోంది, ఏదైనా చెప్పాలంటే పెద్ద అక్షరాలతో కాయితం మీద రాయమన్నావు కదా. అందుకే మా పిల్ల షారోన్ దగ్గర నల్ల మార్కరు లాక్కుని కూర్చున్నాను. ఒక్కో కాయితానికి నాలుగు మాటలే పడుతున్నాయి. కవరు లావుగా వచ్చిందని కంగారు పడకు, అందరం క్షేమమే. నువ్వే చదువుకో, పక్కింటావిడ చేత చదివించుకోవద్దు. నిన్ను దెప్పే మాటలు కొన్ని ఉన్నాయి ఇందులో.

నా ఉద్యోగం మామూలే. కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో తల నుంచి కాలి దాకా తెల్ల సూటు తొడుక్కుని, కళ్ళు మాత్రం బయటపెట్టి రోజంతా నిలబడాలి. పక్కనున్నది ఎవరో నడకను బట్టి కనిపెట్టాల్సిందే. షిఫ్టు అయి ఇంటికొస్తే వీధిలో పలకరించే మనిషి ఉండడు. అలాంటప్పుడు నువ్వే గుర్తొస్తావు, ఏం చేస్తాం. ఈ డిసెంబరులో కూడా మా పెరట్లో నిమ్మచెట్టు కాస్తూనే ఉంది. ఇక్కడ చలంటే పల్చటి శాలువా కప్పుకునేంతే. కానీ ఉత్తరంగా ఓ మూడు గంటలు కొండెక్కుతూ వెళ్తే ఫ్లాగ్‌స్టాఫ్ వస్తుంది. అక్కడ మంచు కురుస్తుంది అక్కా. ఒకే రాష్ట్రంలో ఇదీ ఉంది, అదీ ఉంది.

నువ్వు రానన్నావు. వీసా వచ్చి, పాస్‌పోర్టు బీరువాలో చీరల కింద పెట్టుకుని కూడా “ఇప్పుడెందుకులేవే” అన్నావు. ఎడమ కన్ను పక్కచూపు తగ్గిందనీ, కుడికన్ను కూడా మొదలుపెట్టిందనీ, పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పాడనీ కూరలో ఉప్పు తక్కువైందన్నంత తేలిగ్గా చెప్పి ఫోను పెట్టేశావు. ఆ రోజు నేను అన్నం తినలేదు. నీకు చూపుండగానే నువ్వు మంచు చూడాలి. నాకింకేం అక్కర్లేదు.

గుర్తుందా, నీ సోషల్ క్లాసులో నేను మూడో బెంచీ. ఇంట్లో అక్క, బళ్ళో టీచర్. శీతల మండలం పాఠం రోజున ఇంటి నుంచి దూది తెచ్చి, మైదాపిండి జిగురుతో మ్యాపు మీద అతికించావు. “టీచర్, మీరు మంచు చూశారా?” అని ఎవరో అడిగితే నవ్వేసి, “చూడలేదురా. చూస్తే మాత్రం బస్సు దిగి చూసి మళ్ళీ ఎక్కేయడం కాదు. పొద్దున్నే లేచి తలుపు తీస్తే గుమ్మంలో మంచుండాలి” అన్నావు. అప్పట్నుంచీ ఏటా అదే పాఠం, అదే దూది. ఆ గుమ్మం కోసమే ఇప్పుడు మా ఇంట్లో జరుగుతున్న భాగోతమంతా.

ట్రక్కు అంటే లారీ అనుకునేవు. ముందు కారులా ఉంటుంది, వెనక సామాన్లు వేసుకునే తొట్టి ఉంటుంది. అలాంటిది ఒకటి పాతది కొన్నాం. తొట్టి మీద తెల్లటి ఫైబర్ కప్పు బిగించాం. ఇక ఆ తొట్టిని ఇల్లు చేయాలి. మీ మరిది ప్రభుదాసు సంగతి నీకు తెలుసుగా, మేకు కొట్టమంటే వేలు కొట్టుకునే రకం. రాత్రింబవళ్ళు వీడియోలు చూసి మేస్త్రీ అయిపోయాడు. మొదటి రోజే స్క్రూ తీసుకెళ్ళి వెనక లైటు వైరులో దించాడు. బ్రేకు తొక్కితే లోపల దీపం వెలిగేది! “ఫీచర్ అనుకో” అన్నాడు మహానుభావుడు.

గోడలకీ కప్పుకీ థర్మోకోల్ లాంటి గట్టి షీట్లు కోసి అతికించాం, వాటి మీద పల్చటి చెక్క, చెక్క మీద మెత్తటి గుడ్డ. పలకలతో మంచం, దాని కింద సొరుగులు. డీజిలుతో నడిచే చిన్న హీటరు పెట్టాం. దాని పొగ గొట్టంలోంచి బయటికే పోతుంది, వెచ్చటి గాలి మాత్రం లోపలికి వస్తుంది. గాలి చెడితే అరిచే అలారం డబ్బా ఒకటి తలవైపు బిగించాం. నువ్వు మొహమాటపడుతూ అడిగిన బాత్రూమ్ సంగతి కూడా చూశాం. మూలన చిన్న కమోడు, చుట్టూ తెర. నువ్వొస్తే మీ మరిది ముందు సీట్లో పడుకుంటాడు, గురక కూడా అటే పోతుంది. షారోన్ ఏమో దానికి ‘గూడు’ అని పేరు పెట్టి, తెలుగులో స్టిక్కరు చేయించి వెనక అంటించింది. అంటించాక చూస్తే అది ‘గుడ్డు’! మా తెలుగు చర్చిలో ఆంటీలంతా ఒకటే నవ్వు. తెల్లగా, గుండ్రంగా నిజంగానే గుడ్డులా ఉందని అలాగే వదిలేశాం.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ మరిది ఇది నీకు రాయొద్దన్నాడు. “వదినకి ఇదంతా రాశావంటే ఇక జన్మలో రాదు” అని గోల పెట్టాడు. నీ దగ్గర దాచి నేను ఎప్పుడు నెగ్గాను గనక? రాస్తున్నాను. భయపడకుండా చివరిదాకా చదువు.

నిన్ను తీసుకెళ్ళేముందు మేం ఒకసారి పడుకుని చూద్దామని రెండు వారాల కింద బయల్దేరాం. బయల్దేరే ముందు నువ్వు ఫోన్‌లో ఏమన్నావో గుర్తు తెచ్చుకో. “ఎక్కడ సందున్నా మూసెయ్యండే. చలిగాలి చెవిలో దూరిందంటే అంతే సంగతులు.” కప్పులో గాలి ఆడడానికి చిన్న కిటికీ, పక్కన సన్నటి జాలీ ఉన్నాయి, తెరిచి ఉంచాలని వీడియోల్లో అందరూ మొత్తుకున్నారు కూడా. అయినా మన ఒంట్లో భయం ఎక్కడికి పోతుంది? బొంత కుట్టుకోమని నువ్వు పంపిన నీ పాత చీరల్లో ఒకటి చింపి, కుక్కి కుక్కి అన్నీ మూసేశాను. చెవులకి మఫ్లర్లు కట్టాను. మీ మరిది కూడా సై అన్నాడు. “మామ్, దట్స్ ఫర్ ఎయిర్!” అని షారోన్ ఒక్కతే మొత్తుకుంది. “నీకేం తెలుసే, జలుబు చేస్తే ఎవరు చేస్తారు నీకు” అని నోరు మూయించాను.

చీకటి పడకముందే అడవిలో బళ్ళు ఆపుకునే చోటికి చేరాం. చుట్టూ దేవదారు చెట్లు, కింద ఎర్రమట్టి, ఎండిన ఆకులు. మంచు లేదు. షారోన్ ముఖం ముడుచుకుంది. లోపల దూరి తలుపు వేసుకుని ప్రార్థన చేసుకున్నాం. చాలాసేపు పాటలు పాడుకున్నాం, నీ గొంతు లేక నా గొంతు పీలగా ఉంది. నిద్రలో నిప్పు ఎందుకని మీ మరిది హీటరు ఆపేశాడు. రగ్గుల కింద ముగ్గురం వెచ్చగానే పడుకున్నాం.

తెల్లవారి కళ్ళు తెరిస్తే పైన కప్పులో స్క్రూ తలలున్నచోటల్లా తెల్లగా మల్లెమొగ్గలు! ముట్టుకుంటే మంచు. కిటికీ అద్దం నిండా లోపలివైపే ఎవరో ముగ్గు పెట్టినట్టు తీగలు, ఆకులు. ఎక్కడినుంచి వచ్చింది ఇదంతా అని బిత్తరపోయి చూస్తుంటే షారోన్ మెల్లగా అంది, “మామ్, దిస్ ఈజ్ అస్. మన బ్రెత్.” మా ముగ్గురి ఊపిరి, అక్కా. పోవడానికి సందు లేక, రాత్రి మేం చేసిన ప్రార్థనా పాడిన పాటలూ అక్కడే గడ్డకట్టి పూసాయి.

అంతటితో ఊరుకోవచ్చుగా? నేను ఇడ్లీ వేద్దామన్నాను. ముందురోజు రుబ్బి తెచ్చిన పిండి. బయట చలి కదా అని చిన్న గ్యాసు పొయ్యి లోపలే వెలిగించాను. ఆవిరి పైకి లేచింది, మొగ్గలన్నీ కరిగాయి, టపటపా మా మీద వాన మొదలైంది. మీ మరిది గొడుగు వేశాడు. బండిలో కూర్చుని గొడుగు కింద నవ్వుకుంటున్నాం. అప్పుడు అలారం అరిచింది.

“ఇడ్లీ ఆవిరికేలే” అని మీ మరిది తువ్వాలుతో దాన్ని విసురుతున్నాడు. నాకేమో తల దిమ్ముగా ఉంది, నిద్ర చాలక అనుకున్నాను. షారోన్ ఒక్కసారి కేక పెట్టింది. “డాడీ, అది స్టీమ్ కాదు! గాలి బ్యాడ్ అయింది! బయటికి రా, నౌ!” పొయ్యి కట్టేసి, వెనక తలుపు కాలితో తన్ని తెరిచి, నన్ను రెక్క పట్టుకుని బయటికి లాగింది. ఇంకాసేపు అలాగే ఉంటే ఏమయ్యేదో నీకు వేరే చెప్పక్కర్లేదు. దేవుడు మా మీద చెయ్యి వేసి ఉంచాడు, ఆ పిల్లలో తెలివి పెట్టాడు.

మేజోళ్ళతో కిందికి దూకాను. కాలు నేలకి తగల్లేదు. పిక్కల దాకా దిగిపోయింది.

అక్కా, రాత్రంతా కురిసింది! మాకు తెలియనే లేదు. వానైతే రేకుల మీద డప్పు కొట్టి మరీ వస్తుంది. ఇది మాట మాత్రం చెప్పలేదు. సాయంత్రం చూసిన ఎర్రమట్టి లేదు, ఆకులు లేవు, మేం వచ్చిన దారి లేదు. ప్రతి కొమ్మ మీదా, ప్రతి పుల్ల మీదా, మా బండి అద్దం మీదున్న ఆ కాస్త అంచు మీద కూడా సమంగా, ఎవరికీ తక్కువ కాకుండా పెట్టి ఉంది. ఎండ అప్పుడే చెట్ల కొసలకి తగులుతోంది. తగిలినచోట గులాబీరంగు, తగలనిచోట లేత నీలం. మంచు నీలంగా ఉంటుందని నువ్వు మాకు చెప్పలేదు టీచర్! దూదిలా ఉండదు అక్కా, అస్సలుండదు. అడుగేస్తే బియ్యప్పిండి మూట నొక్కినట్టు కిర్రుమంటుంది. మా బండి కిందినుంచి ఒక కుందేలు అడుగులు బయల్దేరి చెట్లలోకి వెళ్ళాయి. మేం నిద్రపోతుంటే మా కింద తలదాచుకుంది కాబోలు.

మీ మరిది చేతిలో తువ్వాలుతోనే మా వెనక దిగాడు. నా నోట ‘స్తోత్రం’ అని ఎప్పుడొచ్చిందో నాకే తెలీదు. కాళ్ళు తడిసి కొంకర్లు పోతున్నా ముగ్గురం కదల్లేదు. బతికి ఉన్నామన్న సంతోషం ఒకవైపు, ఇంత గొప్పది మేం నిద్రపోతుండగా నిశ్శబ్దంగా జరిగిపోయిందన్న ఆశ్చర్యం ఒకవైపు. నాకు ఏడుపొచ్చింది. షారోన్ నా భుజం మీద చెయ్యి వేసి, “పెద్దమ్మ చూడాలి మామ్” అంది. నేను మనసులో అనుకుంటున్నదే అది పైకి అంది.

భయపడ్డావా? పడకు. పోయిన వారం మళ్ళీ వెళ్ళి పడుకొచ్చాం. కిటికీ, జాలీ తెరిచే ఉంచాం. నీ చీర ముక్కలు తీసేసి బొంతలో కుట్టేశాను. వంట ఇక బయటే, బండి వెనక తలుపు దించితే బల్లలా ఉంటుంది, దాని మీద. హీటరు తెల్లార్లూ నడిచింది. కప్పు పొడిగా ఉంది, అలారం కిమ్మనలేదు, ఎవరికీ జలుబు కూడా చేయలేదు. నమ్ము. చలిగాలి నీ చెవిలో దూరదు, దూరనివ్వను. మంచు మీద ఎండ కళ్ళకి కొడుతుందని నీకు నల్లద్దాలు కూడా కొని పెట్టాను. మార్చి మొదటిదాకా పైన మంచు కరగదట. తలుపు తెరవడం మాత్రం నీ చేత్తోనే. మేం ముందు దిగం.

అన్నీ అయ్యాయి, ఒక్కటి మిగిలింది. బండి ఎత్తు. నువ్వు ఎక్కడానికి మెట్టు కావాలి. మీ మరిది ఎత్తు అడిగితే చెప్పలేకపోయాను. నీ మోకాలు ఇప్పుడు ఎంత ఎత్తు లేస్తుందో నాకు తెలీదని అప్పుడు తెలిసింది నాకు. చెక్క కోయించి గోడకి ఆనించి ఉంచాం.

చిన్నప్పుడు నాకు క్రిస్మస్ గౌను కుట్టేటప్పుడు నువ్వు టేపు వాడేదానివి కాదు. దారంతో కొలిచి ముడి వేసేదానివి. నిరుటి దారం పక్కన పెట్టి చూసి, “ఇంత పెరిగావేంటే దొంగా” అనేదానివి. ఇప్పుడు నువ్వు కొలతలివ్వాలి. గోడ పట్టుకుని నిలబడి, నొప్పి లేకుండా కాలు ఎంత లేస్తే అంతే ఎత్తు. బడాయికి పోయి ఎత్తొద్దు. నేల నుంచి పాదం దాకా పక్కింటావిడను దారం పట్టమని, ముడి వేసి కవర్లో పెట్టు. వచ్చేదీ రానిదీ ఏమీ రాయకు, కళ్ళకి శ్రమ. దారం ఒక్కటి వస్తే చాలు, నాకు అర్థమవుతుంది.

పాస్టరు గారికీ, సంఘంలో పెద్దలందరికీ మా వందనాలు చెప్పు. మా కోసం, ముఖ్యంగా షారోన్ కోసం ప్రార్థన చేయించు. నీ చేతి కారప్పొడి అయిపోయింది, అది కూడా... వద్దులే, నువ్వే తెచ్చుకో. మీ మరిది నీకు నమస్కారాలు చెప్పమన్నాడు. షారోన్ ముద్దులు పంపింది.

నీ దీవెనలు కోరే నీ చెల్లెలు,
సువార్త

దారం పొట్టిగా ఉంటుందని సిగ్గుపడకు అక్కా. అది ఎంత పొట్టిదైతే అన్ని ఎక్కువ మెట్లు కడతాను.