నా నోటికి ట్రైనింగ్

జూన్ 4, సాయంత్రం
నెలాఖరున మనవరాలికి రైఫిల్ షూటింగ్ సెలెక్షన్. టీమ్‌లోకి తీసుకునేదీ లేనిదీ ఆ రోజే తేలుతుంది. ఇవాళ నన్ను తోడు తీసుకెళ్లింది. ఎవరో మనసు మేడమ్ అట, గురి పెట్టేటప్పుడు బుర్రలో ఏం జరుగుతుందో చూస్తుందట. దాని తలకి తీగల టోపీ తొడిగి జెల్ పూశారు. షాక్ కొట్టదు కదా అని అడిగాను. కొట్టదు, బుర్రలో పుట్టే కరెంటునే చూస్తామంది. లోపల కరెంటు ఉందని తెలియక ఇన్నేళ్లూ హాయిగా నిద్రపోయాను.

జూన్ 9
చుట్టూ గోల ఉన్నా గురి తప్పకూడదట. అందుకని పక్కన ఎవరైనా సతాయించాలంది మేడమ్. మనవరాలు నన్ను చూపించింది. సరేనని మొదలుపెట్టాను. నీళ్లు తాగావా, ఆ తుపాకీ కాలి మీద పడితే, ఫ్యాను ఊగుతోంది చూడు అని. అన్నీ పదికి పదే. కంప్యూటర్‌లో దాని బుర్ర గీతలు కుదురుగానే ఉన్నాయి. మేడమ్ ఇక చాలంది, నేను ఆగాను. అంతే, గీతలు ఎగిరిపడ్డాయి. అది రైఫిల్ దించేసి నా వైపు తిరిగింది.
"అమ్మమ్మా, ఏమైంది? ఒంట్లో బాలేదా?"
నా వాగుడు వినిపిస్తేనే దానికి అంతా క్షేమమని లెక్కట. పోటీలోనేమో మనవాళ్లు మాట్లాడకూడదు, రూలు. అసలు రానన్నాను. రాకపోతే ఇంకా కంగారంది.

జూన్ 12
ఇద్దరికీ ప్రాక్టీసు. అది కాల్చాలి, నేను నోరు మూసుకోవాలి. ఆలోచన వస్తే పక్కన పెట్టమంది మేడమ్. పెట్టడానికి చోటేదీ? మధ్యలో బూటు లేసు ఊడిందని చెప్పేశాను. నా కంటే ప్రెషర్ కుక్కర్ నయమంది మనవరాలు, విజిల్‌కీ విజిల్‌కీ మధ్య గ్యాప్ ఇస్తుందట.

జూన్ 15
నేను ఆగగానే ఇవాళా గీతలు ఎగిరాయి.

జూన్ 21
నేను మాట్లాడకపోయినా గీతలు ఎగరలేదు, అది కుదురుకుంది. గురి పెట్టేముందు 'అమ్మమ్మ ఉంది, చాలు' అని లోపల అనుకుంటోందట. సంతోషమే. ఇంటికొచ్చి దాని జుట్టులో జెల్ కడుగుతూ, ఇక నా గొంతుతో పనిలేదన్నమాట అన్నాను. నురగలోంచే చెప్పింది.
"ఇంటికొచ్చాక ఎంతైనా తిట్టు అమ్మమ్మా. అక్కడ కాసేపు నన్నొదిలెయ్."
ఆ మాటకి నీళ్లు కాస్త వేడిగా పోశానేమో, చూసుకోలేదు.

జూన్ 28
సెలెక్షన్‌లో నేను నోరు విప్పలేదు. అది చివరి షాట్ దాకా ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. టీమ్‌లోకి తీసుకున్నారు.
ఇంతసేపు దాని వీపు నేనెప్పుడూ చూడలేదు. ఎంత పొడుగైందో. ఆ షూటింగ్ జాకెట్ వచ్చే ఏడాదికి చాలదు.