ఖాళీ డబ్బాలో చక్కెర

శుక్రవారం, రాత్రి

సూడాన్ శరణార్థి శిబిరాలకు పంపే స్టీలు డబ్బాలు సర్దడానికి ఈరోజు కూడా సంతోష్‌నగర్‌లోని సహాయ కేంద్రానికి వెళ్ళాను. ఖాళీ గిన్నె ఎవరికీ ఇవ్వకూడదన్న ఇంటి అలవాటుతో ఒక్కో డబ్బాలో కాస్త చక్కెర వేసి మూత పెట్టేశాను. సగానికి పైగా పెట్టెల్లోకి ఎక్కాక, సామాను చూసే యాదన్న కనిపెట్టాడు.

"ఏందక్కా, గిట్ల చేసినవ్? తినేటివి పోనియ్యరు. అన్నీ తియ్యాలె!"

సిగ్గుతో చచ్చిపోయాను. ఇక్కడ చదువుకుంటూ తెలుగు నేర్చి, మాతో డబ్బాలు సర్దే సూడాన్ అమ్మాయి అమీనా కోప్పడుతుందనుకున్నాను. అక్కడి యుద్ధం వల్ల వాళ్ళమ్మ ఉన్న ఊరికి ఫోన్లు కలవడం లేదు. పొద్దున్నుంచీ అమీనా కలుపుతూనే ఉంది. తను మాత్రం ఫోన్ సంచిలో పడేసి, గుడ్డ తీసుకుని నా పక్కన కూర్చుంది. వాళ్ళమ్మ కూడా ఖాళీ గిన్నె తిరిగి పంపదట. ఆ కబుర్లు చెబుతూ సాయంత్రం దాకా డబ్బాలు తుడిచింది. ఫోన్ ఒక్కసారీ తీయలేదు.

వెళ్ళేటప్పుడు మెల్లగా అంది, "అక్కా, రేపు కూడా చక్కెర వెయ్యి. పని ఒడవొద్దు, అయిపోవద్దు."

తుడిచిన డబ్బాలే మళ్ళీ తుడిస్తే సూడాన్‌లో ఎవరికి ఏం ఒరుగుతుంది? మరి ఆ పిల్ల ముఖం ఎందుకు తేటపడింది?

యాదన్న లొల్లి చేస్తాడు, తెలుసు. అయినా చక్కెర పొట్లం సంచిలో పెట్టుకున్నాను.