ఆ చీకట్లో అమ్మ ఉంది

అక్కా,

ఉత్తరమెందుకు, ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్‌లో నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. కాగితం మీద అరిస్తే చివరిదాకా వింటావు.

నువ్వు గీస్తే నేను పంపిన బొమ్మ ఆన్‌లైన్ గ్యాలరీలో పెట్టారు. అమ్మ బైండింగ్ షాపులో జిగురు చేతులు తుడుచుకుని, తన పాత ఫోన్‌లో తెరిచి, "మా అమ్మాయి మన షాపే గీసింది" అని అందరికీ చూపించిందట. కోత మిషను, కాగితాల కట్టలు, కిటికీ వెలుగు అన్నీ గుర్తుపట్టారు. ఎవరో అడిగారట, "మరి నువ్వెక్కడున్నావే ఇందులో?" అని.

ఇంటికొచ్చి నాతో ఒకటే మాట: "షాపులో చీపురుతో సహా వేసింది. నన్ను తప్ప."

ఉద్యోగం మానేసి బొమ్మలేసుకుంటానన్నప్పటి నుంచి మీ ఇద్దరికీ మాటల్లేవు. ఈ బొమ్మే నీ మాట అని నాకు తెలుసు. వెనకమూల నలుపు మీద నలుపుగా, వంగి దారం లాగుతున్న అమ్మను ఎంత శ్రద్ధగా దిద్దావో చూసినవాణ్ణి. గ్యాలరీలో ఆ మూల గళ్ళు గళ్ళుగా నల్లటి మచ్చ. ఫైలును కుదించి పారేశారు! అసలు బొమ్మ నా కంప్యూటర్‌లో చూపిద్దామని పిలిస్తే, "ఇప్పుడు చేర్చి పంపిందా? వద్దులే. లోకానికి చూపించిన దాంట్లో నేను లేను కదా" అంది.

రేపే వెళ్ళి బొమ్మ తీసేయమంటాను. ప్రజల కళను నలిపేసే హక్కు ఎవరిచ్చారని నిలదీస్తాను. అమ్మ షాపు నుంచి తెచ్చే మిగులు కరపత్రాలన్నీ చదివింది ఇందుక్కాకపోతే ఇంకెందుకు!

నీ తమ్ముడు,
అమ్మ పిలిచే పేరుతో, మైకు


అక్కా,

వెళ్ళాను. అరిచాను. గ్యాలరీ నిర్వాహకుడు చల్లారిన టీ తాగుతూ అంతా విన్నాడు.

"అయిపోయిందా? 'బొమ్మను గోరంత కూడా తగ్గించను' అని రాసి, కొండంత ఫైలు పంపింది ఎవరు?"

"నేనే సార్. కళను తగ్గించడమంటే..."

"తమ్ముడూ, జనం బస్సుల్లో చూస్తారు. నీ ఫైలు తెరుచుకునేలోగా వాళ్ళు దిగే చోటు వచ్చేస్తుంది. ఐదు వందల కేబీ దాటితే మా మిషనే కుదించేస్తుంది. దానికి మీ అమ్మ ఎవరో ఏం తెలుసు? ఆ లోపల ఉండేలా నువ్వే కుదించి పంపు, ఎవరూ ముట్టుకోరు."

కళ ప్రజలదని గొంతు చించుకునే నేను, అమ్మ ఫోన్ మోయలేని బొమ్మను పంపాను!

"తీసేయనా మరి?" అన్నాడు.

"వద్దు సార్. ఆ బొమ్మలోనే, అక్కడే మా అమ్మ కనబడాలి."

అంతే, కూర్చున్నాను. కుదించిన దాన్నే మళ్ళీ మళ్ళీ కుదించి, నీ కిటికీ వెలుగును ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా చేశాను. ప్రతిసారీ అసలు ఫైలు నుంచే మొదలుపెట్టాలని అప్పుడు తెలిసింది. ముందు కొలత తగ్గించాను. ఫోన్ తెరకు అంత వెడల్పు దేనికి? నాణ్యత మాత్రం దిగనివ్వలేదు. వెలుగంతా నిలిచింది. చీకటి మళ్ళీ గళ్ళే. నిన్నడిగితే ఒక్క ముక్క పంపావు: "ఆ నలుపులో ఇసుక చల్లినట్టు సన్నటి రేణువులు చల్లు. అప్పుడు గళ్ళు కట్టదు. ముందు నీ కోపం కుదించుకో."

చల్లాను. అమ్మ వీపు తేలింది. ఫైలు హద్దు దాటింది! వెడల్పు మరికొంత తగ్గించాను, ఇంకా కాస్త ఎక్కువే ఉంది. ఉండనీ. నేనో, ఐదు వందల కేబీయో తేలాల్సిందే.

మైకు


అక్కా,

వెడల్పు ఇంకాస్త తగ్గిస్తే ఐదు వందల కేబీలో పట్టింది! అమ్మది లాంటి పాత ఫోన్ అడిగి తెచ్చుకుని, దాంట్లో చూసుకున్నాకే పంపాను. నిర్వాహకుడు పాతది తీసి ఇది పెట్టాడు. "ఎలా చేశావో రాసివ్వు, మిగతా వాళ్ళకీ పంపుతా" అన్నాడు. కరపత్రం వేస్తానన్నాను. "బాబూ, ఒక్క పేజీ చాలు" అని దణ్ణం పెట్టాడు.

తింటున్నప్పుడు అమ్మతో అన్నాను, "గ్యాలరీ ఒకసారి తెరువమ్మా."

"చూశాగా."

"ఆ వెనకమూల చూడు."

రెండు వేళ్ళతో పెద్దది చేసింది. ఫోన్ కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది.

"ఈ బొటనవేలి కట్టు..." అంది.

నాకెప్పుడూ కనబడనే లేదక్కా. నీడలో బూడిద రంగు చుక్క.

"మిషను తగిలిన దెబ్బరా ఇది. ఈ కట్టు విప్పి ఏడాది దాటింది. ఇప్పుడు చేర్చింది కాదు." తన బొటనవేలు తడుముకుంటూ, "అప్పటికింకా ఉద్యోగంలో చేరలేదు, రోజూ నాకు అన్నం తెచ్చి ఓ మూల కూర్చునేది. ఏదో గీక్కుంటోంది, పనీపాటా లేదు అనుకున్నా. నన్ను చూస్తోందన్నమాట" అంది. కంచం అక్కడే వదిలేసి, ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

నీకు రాస్తున్నానని తెలిసి ఇప్పుడే వచ్చింది. "నువ్వు ఊదరగొట్టింది చాలు గానీ, కింద నాకు కాస్త చోటు వదులు" అంది. వదిలాను.

మైకు

లైటు వేసుకుని గియ్యి. కళ్ళు పోతాయి. ఆదివారం నాకు సెలవు, రా.
అమ్మ