ఉప్పు లేని పులుసు

ఏమండీ, చెరువు దగ్గర్నుంచి రాగానే మావయ్యగారికి అన్నం పెట్టి పక్కనే కూర్చోండి. మీరొచ్చేదాకా పక్కింటి పిన్నిగారిని ఆయన దగ్గర ఉండమన్నాను. ఆయన్ని ఒంటరిగా వదిలి మళ్లీ చెరువుకి వెళ్లకండి. కొట్టుగదికి తాళం వేసి తాళంచెవి నాతో తీసుకెళ్తున్నాను. లోపల పురుగుమందు ఉంది, నాకెందుకో భయంగా ఉంది.

నేను అమలాపురం వెళ్తున్నాను. మనసుకి వైద్యం చేసే డాక్టరుగారి దగ్గర రేపటికి మావయ్యగారి పేరు రాయించి వస్తాను. "నాన్నకి వయసొచ్చి కోపం తగ్గింది, నీకు హాయేగా" అని మీరు నవ్వేరు. ఇరవై ఏళ్లుగా నా వంటకి వంక పెట్టందే ఆయనకి ముద్ద దిగేది కాదు. ఈ నెల్లాళ్లూ ఏం పెట్టినా తలొంచుకుని తినేస్తున్నారు. మొన్న దింపువాళ్లొచ్చి కొబ్బరికాయలు కోస్తుంటే అరుగు మీదకైనా రాలేదు. నాకైతే ఇది జబ్బులాగే ఉంది.

నిన్న కావాలనే పులుసులో ఉప్పు వెయ్యలేదు. అంతా తినేసి "బాగుందమ్మా" అన్నారు. వంటింట్లోకెళ్లి ఏడ్చేను.

సత్యశ్రీ

ఇవాళ పులుసులోనూ ఉప్పు లేదు, మీ కంచంలో మీరు వేసుకోండి. ఆయన గాని నన్ను తిడితే, బస్సులో ఉన్నా సరే, వెంటనే ఫోన్ చెయ్యండి.