మీ తమ్ముడు తాగలేదు

బావా,

మీ తమ్ముణ్ణి నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. అత్తకు అన్నం పెట్టండి, గిన్నె పొయ్యి పక్కనే ఉంది. రేపు పులికాట్ సరస్సులో వల వేసే వంతు మనది. దాన్ని వేరేవాళ్లకు ఇమ్మని ఊరి పెద్దలకు చెప్పండి.

వైరల్ జ్వరం తగ్గాక కొందరికి ఇలా నరాలు దెబ్బతింటాయని, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకైనా వస్తుందని డాక్టరు చెప్పాడు. తిమ్మిరి కాళ్ల నుంచి చేతులకు పాకింది. ఊపిరి దాకా రాకముందే చేర్చమన్నాడు.

నిన్న పడవ నెడుతూ ఆయన పడిపోతే, "తాగుండాడు, ఎండెక్కితే వాడే లేస్తాడులే" అని మీరు అందరి ముందూ నవ్వారు. తాగలేదు బావా. గుల్ల కోసుకుని అరికాలి నుంచి నెత్తురు కారుతున్నా ఆయనకు తెలియలేదు.

ఉష

అత్త తినగానే బయల్దేరండి. ఇంకా మాట్లాడగలుగుతున్నాడు. మిమ్మల్నే అడుగుతున్నాడు.